మనాస్లు చుట్టూ నడక: ఆ కొండ ఎవరిది?

(పర్వత యాత్రలంటే ఇష్టమున్నవారి సమావేశంలో తెరపై చిత్రాలు చూపుతూ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఆహ్వానపత్రంలో ఈ ప్రసంగానికి ‘మనాస్లు విజయం’ అని పేరు వేశారు. అచ్చయ్యాక చూశాను కాబట్టి ఊరుకున్నాను. (నవ్వులు) మనాస్లు మీద నాకు ఏ విజయమూ లేదు. 8163 మీటర్ల శిఖరం అది, ఎత్తులో ప్రపంచంలో ఎనిమిదోది. నేను దాని నెత్తి మీదికి వెళ్లలేదు, వెళ్లే ఉద్దేశమూ లేదు. చుట్టూ తిరిగి వచ్చాను, అంతే. ఆ చుట్టుదారి గురించీ, దాని పొడవునా కాపురాలు చేసుకుంటున్న మనుషుల గురించీ మాట్లాడతాను. చాలామంది ఈ దారి పట్టేది లార్క్యా లా కనుమ కోసం. కనుమ ఒక్క పూట పని. మిగతా రెండు వారాలూ మనం ఇంకొకరి ఊళ్లలో, ఇంకొకరి గుళ్ల పక్కన, ఇంకొకరి పొలం గట్ల మీద నడుస్తాం. వాళ్లెవరో తెలుసుకోకుండా వెళ్లి రావడం నాకు మర్యాదగా తోచదు.

ముందు ఆ చోటు ఎక్కడుందో చెబుతాను. నేపాల్‌లో గోర్ఖా జిల్లా ఉత్తర భాగం టిబెట్ సరిహద్దును ఆనుకొని ఉంటుంది. మనాస్లు అక్కడే. బూఢీ గండకీ నది ఆ కొండకు తూర్పుగా ఇరుకైన లోయను కోసుకుంటూ దక్షిణానికి దిగుతుంది. మన దారి ఆ నదికి ఎదురు సాగి, కొండకు ఉత్తరంగా తిరిగి, 5106 మీటర్ల ఎత్తున లార్క్యా లా దాటి, పడమటి పక్క ధారాపానీ దగ్గర మర్స్యాంగ్దీ లోయలోకి దిగుతుంది. అక్కడ అన్నపూర్ణ చుట్టుదారిలో కలుస్తుంది. కాఠ్మాండు నుంచి వచ్చే బస్సు ఒకప్పుడు ఆరుఘాట్‌లో ఆగిపోయేది. తర్వాత సోతీఖోలా దాకా వచ్చింది, ఇప్పుడు మాఛాఖోలా దాకా వెళుతోంది. మాఛాఖోలా వెయ్యి మీటర్ల లోపు ఎత్తులో ఉంది. అక్కడి నుంచి అయిదు వేల మీటర్లు దాటే దాకా ఎక్కాలి, అదీ కాలినడకన.

ఈ ప్రాంతాన్ని విదేశీ యాత్రికులకు 1991లో తెరిచారు. సరిహద్దు ప్రాంతం కాబట్టి ప్రత్యేక అనుమతి కావాలి, గైడు వెంట ఉండాలి. 1998లో 1663 చదరపు కిలోమీటర్లను మనాస్లు సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దానికి ఒక అనుమతి. చివర్లో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో అడుగు పెడతాం కాబట్టి దానికి ఇంకొకటి. ఈ కాగితాల పని గైడు చూసుకుంటాడు, ఇక్కడ దాని మీద కాలం ఖర్చు చేయను.

మొదటి రెండు మూడు రోజులు హిమాలయాల్లో ఉన్నట్టే అనిపించదు. ఉక్కపోత, అరటి చెట్లు, మెట్లు మెట్లుగా వరి మళ్లు, గురుంగ్ తెగవాళ్ల ఊళ్లు, పై నుంచి దూకే జలపాతాలు. తాతోపానీ దగ్గర వేడినీటి ధార కింద నిలబడితే ఒళ్లు నొప్పులు పోతాయి. ఈ భాగంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే. మెడలో గంటలు మోగించుకుంటూ కంచరగాడిదల బారులు ఎదురవుతాయి. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, బీరు సీసాలు అన్నీ వాటి వీపు మీదే పైకి వెళతాయి. గంట వినబడగానే కొండ వైపు జరిగి నిలబడండి. నది వైపు నిలబడి ఫోటో తీస్తుంటే సిలిండరు అంచు తగిలి కింద పడతారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. అక్కడి కూలీలు కొత్తవాళ్లకు మొదట నేర్పే పాఠమే ఇది.

జగత్‌లో అనుమతులు చూస్తారు. ఫిలిం దాటాక లోయ బాగా ఇరుకవుతుంది. లోక్పా దగ్గర కుడి చేతి వైపు ఒక దారి చీలి సుమ్ లోయకు వెళుతుంది. ఆ లోయ సంగతి తర్వాత చెబుతాను. ఎడమ దారిలో దేంగ్ దాటితే అప్పటి దాకా కనబడిన నేపాల్ వెనకపడుతుంది. భాష మారుతుంది, ఇళ్ల కప్పు మారుతుంది, పొలంలో వరికి బదులు బార్లీ, బంగాళాదుంప కనబడతాయి. దేంగ్ నుంచి ఘాప్ దాకా ఉన్న ప్రాంతాన్ని కుతాంగ్ అంటారు, నమ్రుంగ్ నుంచి పైన ఉన్నదాన్ని నుబ్రీ అంటారు. ఇక్కడివాళ్లు మాట్లాడేది టిబెటన్ కుటుంబపు భాషలు, ఆచరించేది టిబెటన్ బౌద్ధం.

ఈ చిత్రం చూడండి. ఊరి పొలిమేరలో రాతితో కట్టిన ద్వారం. దీన్ని కని అంటారు. చాలామంది తల వంచుకుని దీని కింద నుంచి నడిచి వెళ్లిపోతారు, ఎందుకంటే అప్పటికే అలసిపోయి ఉంటారు. ఆగి పైకి చూడండి. లోకప్పు నిండా మండలాలు అనే పవిత్ర వలయ చిత్రాలు, గోడల మీద బుద్ధుల బొమ్మలు. బాటసారి వెంట వచ్చే చెడు ఊళ్లోకి రాకుండా గుమ్మం దగ్గరే దిగిపోవాలని దాన్ని కడతారు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు దాని కింద నుంచే నడవాలి. పక్క నుంచి అడ్డదారి ఉంటుంది, దాన్ని పశువులకు వదిలేయండి.

ద్వారం దాటగానే మణి గోడలు మొదలవుతాయి. రాళ్లు పేర్చిన పొడవాటి గోడ, ఒక్కో రాతి మీద ‘ఓం మణి పద్మే హూం’ చెక్కి ఉంటుంది. కుతాంగ్‌లోని బిహి ఊరు ఈ పనికి పేరు మోసింది. అక్కడి శిల్పులు అక్షరాలే కాక బుద్ధుణ్ణీ, పద్మసంభవుణ్ణీ, చెవికి చేయి ఆనించుకుని పాడుతున్న టిబెట్ యోగి మిలరేపానూ పలకల మీద సన్నని గీతల్లో చెక్కారు. లోయలో పైకి పోయే కొద్దీ ఆ చేతుల పని గోడ గోడకీ కనబడుతుంది. ఇంట్లో ఒకరు పోయినప్పుడు వాళ్ల పుణ్యం కోసం చెక్కించిన రాళ్లు వీటిలో ఎన్నో. అంటే అది ఒక కుటుంబపు దుఃఖం, డబ్బు పెట్టి చేయించిన ప్రార్థన. దాని మీద కూర్చుని బూటు తాడు కట్టుకునేవాళ్లను, తడి సాక్సులు ఆరేసేవాళ్లను నేను చూశాను. నాకు కోపం వచ్చింది. ఊరివాళ్లు మాత్రం ఏమీ అనలేదు, మొహమాటస్థులు.

మణి గోడ దగ్గర దారి రెండుగా చీలుతుంది, గోడకు అటూ ఇటూ. మన గుళ్లో ప్రదక్షిణం చేస్తే దేవుడు కుడి చేతి వైపు ఉంటాడు కదా, ఇక్కడా అంతే. గోడ కుడి చేతి వైపు ఉండేలా ఎడమ దారిన నడవాలి. తిరిగి వచ్చేవాడు కూడా తన ఎడమ దారే పడతాడు. అలా వెళ్లే వాడూ వచ్చే వాడూ కలిసి ఒక ప్రదక్షిణం పూర్తి చేస్తారు. పొద్దున్న గడ్డి కోయడానికి వెళ్లిన ఆమె సాయంత్రం మోపుతో తిరిగి వచ్చేసరికి ఆమె ప్రార్థన ఎన్నిసార్లు అయిందో లెక్క వేసుకోండి. ఇక్కడి ధర్మానికి వేరే సమయం కేటాయించనక్కరలేదు, రోజూ నడిచే దారిలోనే దాన్ని అమర్చారు. వాగుల మీద నీటి ఒరవడికి తిరిగే మణి చక్రాలూ అలాంటివే. మనిషి నిద్రపోతున్నా అవి తిరుగుతూనే ఉంటాయి.

బౌద్ధం అనగానే మనం గుండు, కాషాయం, ఇల్లు వదిలిన భిక్షువు అనుకుంటాం. నుబ్రీలో ఊరి లామాలలో ఎక్కువమంది పెళ్లి చేసుకుని, పిల్లలను కని, బంగాళాదుంపలు పండించుకునేవాళ్లే. టిబెటన్ బౌద్ధంలోని నింగ్మా, కగ్యు సంప్రదాయాల్లో ఇది మామూలు విషయం. లామా పని తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. పుట్టుక, చావు, వాన రాకపోవడం, మంచు ఎక్కువ పడటం అన్నిటికీ ఆయన గ్రంథం తెరవాలి. పగలు నాగలి దగ్గర కనబడ్డ మనిషే రాత్రి గోంపాలో, అంటే బౌద్ధ మఠంలో, డోలు వాయిస్తూ కనబడతాడు. లో అనే ఊళ్లో కొండ మీద పెద్ద గోంపా ఉంది, వెనుక మనాస్లు జంట కొమ్ములు. అక్కడ చదువుకునే చిన్న సన్యాసులు సెలవు గంటలో బంతాట ఆడుతుంటారు. చిత్రంలో వెనక పరుగెత్తుతున్నది వాళ్లే.

ఈ లోయలకు పాత పేరు ఒకటుంది, బేయుల్ క్యిమోలుంగ్. ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌కు తంత్ర బౌద్ధాన్ని తీసుకెళ్లిన పద్మసంభవుడు, రాబోయే చెడ్డ రోజుల్లో ధర్మం పాటించేవాళ్లు తలదాచుకోవడానికి హిమాలయాల్లో కొన్ని లోయలను దాచి ఉంచాడని వాళ్ల నమ్మకం. అలాంటి దాచిన లోయల్లో నుబ్రీ, సుమ్ కలిసి ఒకటి. ఉత్తరాన యుద్ధాలూ కలహాలూ వచ్చినప్పుడల్లా మనుషులు ఈ నమ్మకాన్ని పట్టుకునే కనుమలు దాటి ఇక్కడికి వచ్చారు.

మనకూ ఇందులో చిన్న చుట్టరికం ఉంది. గోంపాల గోడల మీద తల వెనుక పాము పడగలతో కూర్చున్న ఆచార్యుడు కనబడితే ఆయన నాగార్జునుడు. మన నాగార్జునకొండ ఆయన పేరు మోస్తున్నదే. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో బోధించాడని టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. చరిత్రకారులు ఆ తంత్రం పది, పదకొండు శతాబ్దాల నాటిదంటారు, అది వేరే చర్చ. ఆ నమ్మకంతోనే 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. సామాగావ్‌లో ఒక పెద్దాయనకు మేము ఎక్కడి నుంచి వచ్చామో చెప్పబోతే హైదరాబాద్ అంటే తెలియలేదు. అమరావతి స్తూపం అనగానే ఆయన లేచి కూర్చున్నారు. తర్వాత మాకు పోసిన వెన్న టీకి లెక్క లేదు. తాగలేక అవస్థ పడ్డాం, అది కూడా చెప్పాలి. (నవ్వులు)

ఇక సామాగావ్‌కు వద్దాం. 3530 మీటర్ల ఎత్తున చదునైన మైదానంలో ఉన్న ఊరు. మనాస్లు సరిగ్గా పైనే. అందరూ ఇక్కడ ఒక రోజు ఆగుతారు, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి. ఆ ఖాళీ రోజు కొందరు మంచునీటి సరస్సు బీరేంద్ర తాల్‌కు, కొందరు 4800 మీటర్ల దగ్గరున్న స్థావర శిబిరానికి వెళతారు. నన్నడిగితే పుంగ్యెన్ గోంపాకు వెళ్లండి. మనాస్లును ఇక్కడివాళ్లు పిలిచే పేరు పుంగ్యెన్. అది కొండ పేరూ, ఆ కొండను కాచే దేవత పేరూ. హిమానీనదం కాలి దగ్గర, విశాలమైన గడ్డి మైదానంలో ఉన్న ఆ గుడికి ఒక కథ ఉంది. పర్వతారోహణ చరిత్రలో ఈ కథను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను కాస్త నిదానంగా చెబుతాను.

1950లో టిల్మన్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం పడమటి వైపు నుంచి మనాస్లును పరిశీలించింది. 1952లో జపానువాళ్లు వచ్చి దారి వెతికారు. 1953లో పెద్ద బృందంతో వచ్చి 7750 మీటర్ల దాకా ఎక్కి వెనుదిరిగారు. వాళ్లు వెళ్లిపోయాక హిమపాతం కూలి పుంగ్యెన్ గోంపా నేలమట్టమైంది, పద్దెనిమిది మంది చనిపోయారు. అప్పటి సామాగావ్ ఎంత చిన్న ఊరో ఆలోచించండి. పద్దెనిమిది మంది అంటే దాదాపు ప్రతి ఇంటికీ బంధువులే పోయి ఉంటారు. కొండ దేవత నెత్తి మీద కాలు పెట్టబోయారు, ఆ కోపం మా మీద పడింది అని ఊరు నిర్ణయించింది.

1954లో జపాను బృందం మళ్లీ వచ్చింది. ఊరు ఊరంతా అడ్డం నిలబడింది. రాజధానిలో తీసుకున్న అనుమతి పత్రం బృందం చేతిలో ఉంది, సామాగావ్‌లో దానికి విలువ లేదు. ఆ ఏడు వాళ్లు గత్యంతరం లేక గణేశ్ హిమాల్ అనే వేరే కొండ వైపు మళ్లిపోయారు. తర్వాత గోంపా తిరిగి కట్టడానికి పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు. ఊరి మనసు విరాళానికి కరగలేదు. 1956లో యూకో మాకీ నాయకత్వంలో వచ్చినప్పుడు కూడా ఆ కోపం మధ్య నుంచే వెళ్లారు. మే 9న తోషియో ఇమానిషి, గ్యాల్జెన్ నోర్బు శిఖరం చేరారు. అంతకు ముందు ఏడాదే మకాలు శిఖరం ఎక్కిన షెర్పా గ్యాల్జెన్ నోర్బు. ఎనిమిది వేల మీటర్లు దాటిన రెండు శిఖరాల తొలి ఆరోహణల్లో పాలుపంచుకున్నవాళ్లు చరిత్రలో ఇద్దరు ముగ్గురే, వారిలో ఒకడు. జపానులో పెద్ద పండగ అయింది, తపాలా బిళ్ల కూడా వేశారు. అయినా మళ్లీ జపాను బృందం మనాస్లుకు వచ్చింది 1971లోనే.

హిమపాతానికి కారణం దేవత కోపమా కాదా అని ఇక్కడ ఎవరూ వాదించనక్కరలేదు. మంచు ఎందుకు కూలుతుందో మనందరికీ తెలుసు. నాకు ముఖ్యమనిపించేది వేరే విషయం. కొండ కింద ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. 1953 దాకా ఆ కొండ వాళ్ల దేవత. ఆ తర్వాత అది ఒక జాబితాలో ఎనిమిదో అంకె అయింది. ఆ మార్పు వాళ్ల ప్రమేయం లేకుండా జరిగింది. 1954లో దారి మూసినప్పుడు వాళ్లు చెప్పింది, మమ్మల్ని దాటి వెళ్లలేరు అని.

ఇప్పుడు ఆ ఊరి పరిస్థితి వేరు. ప్రతి సెప్టెంబరులో స్థావర శిబిరంలో గుడారాల ఊరు వెలుస్తుంది. సామాగావ్ వాళ్లు సామాను మోస్తారు, లాడ్జీలు నడుపుతారు. ఎక్కబోయే ముందు శిబిరంలో లామా పూజ చేస్తాడు, జునిపర్ ఆకుల పొగ వేస్తాడు, మంచు గొడ్డళ్లను రాతి పీఠానికి ఆనించి పెడతారు. ఆ పూజ కాకుండా షెర్పాలు కొండ మీద అడుగు పెట్టరు. అనుమతి అడిగే పద్ధతి అలా తిరిగి వచ్చింది. ఇంకో సంగతి. దశాబ్దాల పాటు చాలామంది ఆరోహకులు అసలు శిఖరానికి కొంచెం ముందున్న మెట్ట దగ్గరే ఆగి, ఎక్కేశాం అనుకుని దిగి వచ్చారు. 2021లో షెర్పా ఆరోహకుడు మింగ్మా జి బృందం చివరి కొన దాకా వెళ్లినప్పుడు డ్రోను తీసిన చిత్రంలో ఆ తేడా అందరికీ కనబడింది. అప్పుడు ఎంతమంది తమ పాత ధ్రువపత్రాలను తీసి చూసుకున్నారో. పుంగ్యెన్ దేవతకు హాస్యప్రియత్వం ఉందని అక్కడ ఒకతను అన్నాడు. (నవ్వులు)

ఇప్పుడు వెనక్కి వెళదాం, లోక్పా దగ్గర వదిలేసిన కుడి దారికి. సుమ్ లోయను యాత్రికులకు తెరిచింది 2008లో. చుమ్లింగ్, ఛెకంపార్ దాటి టిబెట్ సరిహద్దు దాకా వెళితే 3700 మీటర్ల ఎత్తున ము గోంపా ఉంటుంది. దారిలో సన్యాసినుల రాచెన్ గోంపా, మిలరేపా తపస్సు చేశాడని చెప్పే పిరెన్ ఫు గుహ. వీటన్నిటి కంటే నన్ను ఆపినది ఒక ఒప్పందం. 1920లో ఆ లోయ ఊళ్లన్నీ కలిసి శాగ్యా అనే వ్రతం పట్టాయి. లోయ హద్దుల్లో ఏ ప్రాణినీ చంపకూడదు. వేట లేదు, వలలూ ఉచ్చులూ లేవు. తేనెపట్లు తీయకూడదు, అడవికి నిప్పు పెట్టకూడదు, కోతకు పశువులను అమ్మకూడదు. నూరేళ్లు దాటినా ఆ మాట నిలబడి ఉంది.

ఈ వ్రతం ఎంత బరువైనదో మైదానంలో కూర్చున్న మనకు తట్టదు. ఆ ఎత్తులో ఏడాదికి ఒక పంట రావడమే కష్టం. చలికాలం ఆకలిగా గడిచే చోట, కళ్ల ముందే నావుర్లు, అంటే నీలి గొర్రెలు, మందలుగా మేస్తుంటే వాటిని ముట్టుకోబోమని ఊరంతా ఒట్టు పెట్టుకుంది. పంట మీద పడే జంతువును కూడా తరమాలే తప్ప చంపకూడదు. నేపాల్‌లో అడవి జంతువులను కాపాడే చట్టాలు రావడానికి దశాబ్దాల ముందే ఇది జరిగింది. అక్కడ నావుర్లు మనుషులను చూసి పారిపోవు. నా చిత్రంలో అంత దగ్గరగా కనబడుతున్నది నా కెమెరా గొప్పతనం కాదు.

తిరిగి ప్రధాన దారికి. సామాగావ్ పైన సాందో, 3875 మీటర్లు. చలికాలం బాగా చలిగా ఉండే ఊరు. 1959 తర్వాత సరిహద్దు అవతల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఊరి నుంచి ఒక దారి ఉత్తరంగా టిబెట్ వైపు ఎక్కుతుంది. మనం నడుస్తున్నది యాత్రికుల కోసం వేసిన దారి అనుకుంటే పొరపాటు, ఇది ఉప్పు దారి. టిబెట్ ఉప్పు, ఉన్ని కిందికి దిగేవి, కింది నుంచి ధాన్యం పైకి వెళ్లేది. సాందో పైన లార్క్యా బజారు అనే చోట వేసవిలో సంత జరిగేది. సరిహద్దు బిగుసుకోవడం, దక్షిణం నుంచి చవక ఉప్పు రావడం, రెండూ కలిసి ఆ సంతను ముగించాయి. ఇప్పుడు అక్కడ రాతి గోడల ఆనవాళ్లు, యాకులు.

ఉప్పు పోయింది గానీ ఇంకో సరుకు వచ్చింది, యార్సాగుంబా. నేలలో ఉండే ఒక గొంగళి పురుగును శిలీంధ్రం లోపలి నుంచి తినేసి, వసంతంలో దాని తల నుంచి మొలకలా పైకి వస్తుంది. చైనా వైద్యంలో దానికి బంగారం లాంటి ధర. మే, జూన్‌లలో ఊళ్లు ఖాళీ. పిల్లల కళ్లు చురుకు కాబట్టి బడులు కూడా మూస్తారు. ఇంత డబ్బున్న చోట గొడవలు రావాలి, కొన్ని జిల్లాల్లో వచ్చాయి కూడా. నుబ్రీ ఊళ్లు సొంత కట్టుబాట్లు పెట్టుకున్నాయి. ఊరివాళ్లే ఏరాలి, ప్రతి ఇంటి నుంచీ రుసుం కట్టాలి, ముహూర్తం కంటే ముందు ఎవరూ కొండెక్కకుండా పెద్దలు హాజరు తీసుకుంటారు. రుసుంగా వచ్చిన సొమ్ము ఊరి పనులకు వెళుతుంది. ఆ డబ్బుతోనే చాలామంది పిల్లలను కాఠ్మాండు బడులకు, గోంపాలకు పంపుతున్నారు. ఫలితం మీరే చూస్తారు. పండగ పూట ముసలివాళ్లు ఎక్కువ, బడి ఈడు పిల్లలు తక్కువ. గోంపా గ్రంథాలు చదివే చేతులు రేపు ఎవరివో అని వాళ్లకే దిగులు.

లార్క్యా లా గురించి తక్కువే చెబుతాను. 4460 మీటర్ల ఎత్తున, కనుమకు ముందు ధర్మశాల అనే మజిలీలో రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి బయలుదేరతారు, ఎందుకంటే పొద్దెక్కితే కనుమ మీద గాలి విజృంభిస్తుంది. ఎక్కుడు నిటారుగా ఉండదు, పొడవుగా ఉంటుంది. ఇదే చివరి మలుపు అనుకున్నది చివరిది కాదని చాలాసార్లు తెలుస్తుంది. పైన లుంగ్‌తా అనే ప్రార్థన పతాకాలు నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు వరుసలో రెపరెపలాడుతుంటాయి. పశ్చిమాన అన్నపూర్ణ 2 కనబడుతుంది. అక్కడ గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కొంచెం ఎక్కువ. అసలు పరీక్ష దిగుడులో ఉంది. బింథాంగ్ దాకా పదిహేను వందల మీటర్లు దిగాలి, మొదటి భాగం మంచు గట్టిపడి జారుతుంది. మోకాళ్లకు ఆ రోజే తెలుస్తుంది మన వయసు.

ఎత్తు గురించి ఒక్క గట్టి మాట. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెరగనివ్వకండి. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి కదలకండి. అడుగు తడబడుతుంటే, కూర్చున్నా ఆయాసం వస్తుంటే అర్ధరాత్రయినా కిందికి దిగండి. ధర్మశాల నుంచి హెలికాప్టర్‌లో తీసుకెళ్లినవాళ్లలో ఎక్కువమంది బలహీనులు కారు, తొందరపడినవాళ్లు.

బింథాంగ్ నుంచి గురాస్ (రోడోడెండ్రాన్) పూల అడవి గుండా తిలిజే, ధారాపానీ. అక్కడ జీపు ఉంటుంది, ప్రయాణం ముగుస్తుంది.

ఒక విషయం వదలలేను. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం కేంద్రం ఇదే గోర్ఖా జిల్లాలోని బార్పాక్ దగ్గర. బూఢీ గండకీ లోయలో కొండచరియలు దారిని తుడిచేశాయి, ఇళ్లూ గోంపాలూ కూలాయి. తర్వాత తిరిగి కట్టుకున్నారు, కొన్నిచోట్ల రాతి కప్పు బదులు నీలం రేకులు వచ్చాయి. నదికి పై వైపు రోడ్డు పనులు సాగుతున్నాయి. కింద 1200 మెగావాట్ల బూఢీ గండకీ జలవిద్యుత్ పథకం వస్తే ఆరుఘాట్ మునుగుతుంది. రోడ్డు వస్తే నడక దారి అందం పోతుందని మనలాంటివాళ్లం బాధపడతాం. పురిటి నొప్పులు పడుతున్న కోడలిని వీపున మోసే డోకో బుట్టలో కూర్చోబెట్టుకుని రోజుల తరబడి మోసిన ఇంటివాళ్లను అడిగితే వాళ్ల జవాబు వేరుగా ఉంటుంది. రోడ్డు విషయంలో నేను వాళ్ల పక్షం.

ప్రశ్నలకు కొంచెం సమయం ఉంది.

ఒక శ్రోత: గోంపాలోకి వెళ్లేటప్పుడు ఏం పాటించాలి?

చెప్పులు బయట, టోపీ చేతిలో. లోపల ఎడమ నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరగండి. ఎత్తైన పీఠం ఖాళీగా కనబడినా కూర్చోకండి, అది పెద్ద లామాది. కాళ్లు విగ్రహాల వైపు చాపకండి. ఫోటోకు అడగండి, వద్దంటే వద్దనే. వెళ్లేటప్పుడు డబ్బాలో కొంత వేయండి, దీపాల వెన్నకు ఖర్చవుతుంది. పిల్లలకు చాక్లెట్లు పంచకండి, అక్కడ పళ్ల డాక్టరు లేడు.

ఇంకొక శ్రోత: శాకాహారులం, తిండి సంగతి?

మీకంటే అదృష్టవంతులు లేరు. దాల్‌భాత్, అంటే పప్పూ అన్నం, అన్ని చోట్లా ఉంటుంది, అడిగినంత వడ్డిస్తారు. పై ఊళ్లలో మాంసం కంచరగాడిద వీపు మీద ఎన్ని రోజులు ప్రయాణం చేసిందో తెలియదు కాబట్టి మాంసాహారులు కూడా మానేయడం మంచిది. త్సంపా తప్పక తినండి. బార్లీని వేయించి విసిరిన పిండి, తొలి ఏకాదశికి మనం చేసుకునే పేలపిండిలా ఉంటుంది, బెల్లం ఒక్కటే తక్కువ. వెన్న టీలో కలిపి ముద్ద చేసుకుంటారు. పచ్చడి పొట్లం తీసుకెళ్లండి. నమ్రుంగ్ దాటాక దాని విలువ తెలుస్తుంది.

మరొక శ్రోత: ఎప్పుడు వెళ్లాలి? సుమ్ కూడా కలుపుకోవచ్చా?

అక్టోబరు నుంచి నవంబరు మధ్య దాకా, లేదా మార్చి చివర నుంచి మే మొదటి వారాల దాకా. వానాకాలంలో కింది లోయలో కొండచరియలు, జలగలు. చలికాలంలో కనుమ మంచుతో మూసుకుపోవచ్చు, పై లాడ్జీలు కొన్ని తాళం వేసి ఉంటాయి. సుమ్ కలపాలంటే ఇంకో వారం చేర్చుకోండి. దానికి అనుమతి విడిగా తీసుకోవాలి, కాఠ్మాండులోనే. సెలవులు తక్కువ ఉండి రెండింట్లో ఒకటే వీలైతే, కనుమ వదిలేసి సుమ్‌కు వెళ్లి అదే దారిన వెనక్కి రండి. అప్పుడు మణి గోడలన్నిటికీ రెండో పక్క కూడా నడుస్తారు.